రెండో సీసాలో ఇరవై చుక్కలు

మాది వత్సవాయి దగ్గర పల్లెటూరు. పత్తి వేస్తాం. రెండేళ్ల కిందట మా ఆయన మోకాళ్ల నొప్పులకు జగ్గయ్యపేటలో ఒక ఆయుర్వేద డాక్టరు గారు గంజాయి ఆకుతో చేసిన నూనె రాసిచ్చారు. ప్రభుత్వ అనుమతి ఉన్న మందే. పూటకు నాలుక కింద ఐదు చుక్కలని లేబుల్ మీద ఉంది.

"లేబుల్ మీద రాసిన డోసుకి పత్తి పురుగే చావదు, నా నొప్పేం పోతుందే" అంటూ మా ఆయన చుక్కలు పెంచుకుంటూ పోయారు. నిజంగానే ఇరవై వేస్తే గానీ ఆ సీసా పనిచేయలేదు.

అది అయిపోయాక రెండోది కొన్నాం. అదే లేబుల్, అదే అంకె. ఈసారి లోపలి మందు మాత్రం లేబుల్ చెప్పినంత బలంగానే ఉందని మాకేం తెలుసు. పక్క పొలం వాళ్లు మా మీద వేసిన గట్టు కేసులో ఆ రోజే ఆయన సాక్ష్యం. మేం గట్టు జరపలేదని చెప్పి దిగిపోవాలి, అంతే. అలవాటుగా ఇరవై చుక్కలు వేసుకుని నందిగామ కోర్టుకు వచ్చారు.

బోనెక్కేసరికి ముఖం వెలిగిపోతోంది. గట్టు ఎవరు జరిపారని అవతలి లాయరు అడిగారు.

"మేమేనండి. దున్నినప్పుడల్లా ఒక్కో చాలు కలుపుకున్నాం. మా నాన్న కూడా అంతేనండి" అన్నారు ప్రేమగా. తర్వాత, కూర్చునే ఉన్న జడ్జి గారిని "కూర్చోండి సార్, ఎంతసేపు నిలబడతారు" అని బతిమాలారు.

మా లాయరు గారు ఫైలు అడ్డం పెట్టుకున్నారు. ముఖం దాచుకోవడానికి నాకు కొంగు చాల్లేదు.

గట్టు వెనక్కి పోయింది. ఇప్పుడు మా ఇంట్లో ఏ కొత్త సీసా తెరిచినా ఒక్క చుక్కతోనే మొదలుపెడతాం. మా పొలానికి ఇంకా మూడు వైపులా గట్లున్నాయి మరి.