చెరువు కట్ట మీద నా వాకింగు

నిన్న పొద్దుగాల నేను చేసిన నేరం ఒక్కటే. నడిచిన! దానికి మా ఇంటి ముంగట సగం గల్లీ జమైంది. నవ్వకుండ్రి, చాయ్ తాగుకుంట ఇనుండ్రి.

నేను దిమాగ్ గోళీలు ఏసుకుంటనని ఇబ్రహీంపట్నంల తెల్వనోళ్ళు లేరు గద. గోళీలతోని దిమాగ్ నిమ్మళమైంది గాని, పొట్ట ముంగటికొచ్చింది. డాక్టర్ సారు కోపం జేసిండు. "షుగర్ గడప దాకొచ్చింది. చెమట పట్టేటట్టు నడువు, లేకుంటే ఇంకో గోళీ రాస్త" అన్నడు. ఉన్న గోళీలకే సంచి నిండింది, ఇంకోటా! నాకు మస్తు భయమైంది.

ఇన్ని దినాలు మంచంల పండుకుంటే "పాపం, బుద్ధిగుంటుండు" అన్నోళ్ళే, నిన్న బూట్లేసుకొని చెరువు కట్ట మీద చేతులూపుకుంట జోరుగ పోతుంటే ఆగమైన్రు.

పాలాయన బండి ఆపిండు. "అన్నా, ఎటు? ఇంటికి పోదాం దా."

"వాకింగ్ రా బై!"

"అవ్ అవ్, వాకింగే. ముందుగాల బండెక్కు."

చాయ్ హోటలామె మా అమ్మకు ఫోన్ కొట్టింది. "అక్కా, మీవోడు పోతనే ఉన్నడు! ఎన్కకు సూస్తలేడు!"

గదే కట్ట మీద రిటైర్డ్ హెడ్‌మాస్టర్ సారు ఏం చేస్తుండో ఎర్కనా? ఎన్కకు నడుసుకుంట, చప్పట్లు కొట్టుకుంట, ఒక్కడే "హా హా హా" అని గట్టిగ నవ్వుతుండు. ఆయనకేమో అందరు నమస్తే పెడుతున్నరు. ఆరోగ్యమంట!

గింతల మా బావ బండేసుకొని వచ్చిండు. నేను ఇంకింత జోరు పెంచిన. "ఉరుకుతుండు, పట్టుండ్రి!" అని మొత్తుకున్నడు. డాక్టర్ అడిగిన చెమట గప్పుడు పట్టింది పో!

ఇంటికి తెచ్చి కూసోబెట్టిన్రు. "గోళీ మర్శిపోయినవా బిడ్డా?" అని అమ్మ ఒకటే ఏడుపు. ఆమెను చూసి నాకూ దుఃఖమొచ్చింది. ఆఖరికి డాక్టర్‌కు ఫోన్ చేస్తే, "నడవమన్నది నేనే" అన్నడు.

అమ్మ కండ్లు తుడుసుకున్నది. బావ మాత్రం ఒప్పుకోలే. "నడవమంటే మాత్రం? నవ్వకుండ, మాట్లాడకుండ, గట్ల సక్కగ ఎవడన్న నడుస్తడా?"

ఆ మాట పట్టుకున్న. ఇయ్యాల హెడ్‌మాస్టర్ సారు పక్కపొంటి నేనూ ఎన్కకు నడిచిన, చప్పట్లు కొట్టిన, "హా హా హా" అని నవ్విన. గట్లనే నవ్వుకుంట పోయి బర్రెకు గుద్దుకొని, పెండల ఎల్లెలుకల పడ్డ! అమ్మకు ఒక్కడన్న ఫోన్ కొడితే ఒట్టు. పాలాయనే వచ్చి లేపి, అంగీ దులిపి, సంబురంగ అన్నడు:

"ఫికర్ చెయ్యకన్నా, ఇయ్యాల మంచిగున్నవ్!"