ఎవరినీ కొట్టని చాంపియన్

ఇప్పటి ఆటగాళ్లు టీవీలో మాట్లాడుతుంటే ప్రతి ఒక్కరికీ చిన్నప్పుడే ఒక కల ఉన్నట్టు చెబుతారు. ఆ రోజుల్లో నాకు కలలు రాలేదని కాదు గానీ, వచ్చినవన్నీ తిండికి సంబంధించినవే. నేను బాక్సింగ్‌లో చేరింది ఉడకబెట్టిన కోడిగుడ్డు కోసం. గద్వాలలో మగ్గం నేసే ఇంటి నుంచి డిగ్రీ చదవడానికి వనపర్తి వచ్చి హాస్టల్లో చేరాను. రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. హాస్టల్లో పప్పు ఎంత పలుచగా ఉండేదంటే పళ్లెం అడుగున ఉన్న గీతలు కూడా కనిపించేవి. ఆటల్లో ఉన్న పిల్లలకు మాత్రం పొద్దున్నే ఒక గుడ్డు, ఒక అరటిపండు. నేను కళ్లు తెరిచేసరికి కబడ్డీ జట్టు నిండిపోయింది, ఖోఖో జట్టు నిండిపోయింది. అలాంటి సమయంలో మా వ్యాయామం సార్ (నోట్లో విజిల్ తీయకుండానే మాట్లాడతాడని అందరం విజిల్ సార్ అనేవాళ్లం) మమ్మల్ని మైదానంలో వరుసగా నిలబెట్టి, "నలభై ఎనిమిది కిలోల లోపు ఎవరున్నరు? బాక్సింగ్‌ల ఒక పేరు ఇయ్యాలె" అన్నాడు. అందరూ ఒక్కసారిగా బరువెక్కారు. నేను చెయ్యెత్తి, "గుడ్డు ఇస్తరా సార్?" అని అడిగాను. "ఇస్తరు." "అయితె రాసుకోండ్రి." అలా మొదలైంది.

విజిల్ సార్ అసలు కబడ్డీ మనిషి. ఎక్కడో రెండు వారాల శిక్షణకు పంపితే వెళ్లి బాక్సింగ్ నేర్చుకొని వచ్చాడు. ఒక నోట్‌బుక్ నిండా బొమ్మలు గీసుకున్నాడు. ఆ బొమ్మల్లో మనుషులకు ముఖాలు ఉండవు, కాళ్ల దగ్గర బాణాలు మాత్రం ఉంటాయి. "ఎడమ కాలు ముందట, కుడి కాలు ఎనక, గడ్డం లోపల" అని చదివి వినిపిస్తే నేను అలా నిలబడేదాన్ని. ఇసుక, వరిపొట్టు కలిపి నింపిన గోనెసంచిని చెట్టుకు కట్టి నెల రోజులు కొట్టించాడు. సంచి తిరిగి కొట్టదు కాబట్టి నాకు మంచి ఆత్మవిశ్వాసం ఏర్పడింది.

జిల్లా పోటీలు నాగర్‌కర్నూలులో జరిగాయి. (అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అన్నీ ఒకే పాలమూరు జిల్లా.) నా బరువులో నాతో పాటు ఒక్క అమ్మాయే పేరిచ్చింది, అదీ ఆ ఊరి పిల్లే. రింగులోకి ఎక్కి నిలబడ్డాను. మైకులో అవతలి అమ్మాయి పేరు మూడుసార్లు పిలిచారు. ఎవరూ రాలేదు. రిఫరీ నా చెయ్యి పట్టుకొని పైకెత్తాడు. మెడలో పతకం వేశారు, ఒక విలేకరి ఫోటో తీశాడు. వాళ్లు పిడికిలి బిగించి నిలబడమంటే నిలబడ్డాను. ఆ ఫోటోలో నా ముఖం చూస్తే ఇద్దరు ముగ్గురిని మట్టి కరిపించి వచ్చినదానిలా ఉంటుంది.

ఆ ఫోటో పత్రికలో పడింది. మా నాయన చీరలు వేసే దుకాణం యజమాని దాన్ని మడిచి జేబులో పెట్టుకొని మా ఇంటికే వచ్చాడట. నేను ఆదివారం ఇంటికి పోయేసరికి నాయన మగ్గం దిగి నా కోసమే కూర్చొని ఉన్నాడు. కోపంగా లేడు. చాలా పరేషాన్‌గా ఉన్నాడు.

"ఎవరిని కొట్టినవ్ బిడ్డా?"

"ఎవరిని కొట్టలేదు నాయనా."

"వాళ్ల ఇల్లు యాడనో చెప్పు. నేను పోయి మాట్లాడి వస్త. ఆడపిల్లలన్నంక ఏదో అయితది, సర్ది చెప్పుకుందాం."

"అది పోటీ నాయనా. అవతల పిల్ల రానే రాలేదు."

"ఎవరిని కొట్టకుంటె మెడల్ ఎట్ల ఇచ్చిండ్రు?" అన్నాడు నాయన. రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టుతున్న మా నాయనమ్మ తల ఎత్తకుండానే, "కొట్టకుండనే ఇచ్చిండ్రంటె మంచిదే గద, ఇంక ఊకో" అని నాయనను మందలించింది.

జిల్లా చాంపియన్ హోదాలో రాష్ట్ర పోటీలకు హైదరాబాదు వెళ్లాను. ఎదురుగా విశాఖపట్నం అమ్మాయి, నాకంటే మూడు నాలుగేళ్లు పెద్దది. గంట కొట్టగానే భయంతో కళ్లు మూసుకొని ఎడమ చెయ్యి చాపాను. అది పోయి నేరుగా ఆమె ముక్కుకు తగిలింది. మనిషి ముక్కు ఇసుక సంచిలా ఉండదని నాకు అప్పుడే తెలిసింది. చెయ్యి దించేసి, "తాకిందా అక్కా?" అని అడిగాను. ఆమె ఒక్క క్షణం ఆగింది. ఇదేదో పాలమూరు వైపు ఎత్తుగడ అనుకున్నట్టుంది. తర్వాత ఏం జరిగిందో నాకు పూర్తిగా గుర్తులేదు. నేను రింగులో బాసింపట్టు వేసుకొని కూర్చొని ఉన్నాను, విజిల్ సార్ తాడు అవతలి నుంచి "లెవ్వకు, లెవ్వకు, గట్లనే కూసో" అంటున్నాడు. అంతా కలిపి నిమిషం కూడా కాలేదు.

తిరిగి వచ్చాక మానేద్దామనే అనుకున్నాను. గుడ్డు సంగతి ఎలాగోలా మరిచిపోవచ్చు. కానీ వారం తిరగకముందే ఒక మధ్యాహ్నం కాలేజీ మైదానానికి ఒక అమ్మాయి వచ్చింది. పొడుగ్గా, ఎముకల గూడులా ఉంది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో సొంత గ్లవ్స్. "గద్వాల పిల్లవు నువ్వేనా?" అని అడిగింది. అవునన్నాను.

"నా మెడల్ నీ దగ్గర ఉంది. ఆడి తీస్కోని పోదామని వచ్చిన."

నాగర్‌కర్నూలులో రాని అమ్మాయి ఈమే. ఎందుకు రాలేదని అడిగితే గ్లవ్స్ తొడుక్కుంటూనే చెప్పింది. "ఆ దినం నన్ను చూడనీకి వచ్చిండ్రు. నేను చీర కట్టుకొని వాళ్లకు చాయ ఇస్తున్న. మైక్‌ల నా పేరు పిలిచేది మా ఇంటికే ఇనొచ్చింది. మూడుసార్లు ఇన్న."

"సంబంధం కుదిరిందా అక్కా?"

"లేదు. ఆడ పోయింది, ఈడ పోయింది."

విజిల్ సార్ మైదానంలో సున్నంతో నాలుగు గీతలు గీసి, "మూడు రౌండ్లు. జర నిమ్మలంగ" అన్నాడు. చూసేవాళ్లు ఎవరూ లేరు. ఆమె నిమ్మలంగా ఏమీ ఆడలేదు. మూడుసార్లు పేరు పిలిచినప్పుడు గడప దాటలేకపోయిన కోపమంతా ఆ మధ్యాహ్నం నా మీదికి వచ్చింది. మొదటి రౌండంతా తిన్నాను. రెండో రౌండులో కళ్లు మూసుకోకుండా ఉండడం నేర్చుకున్నాను. మూడో రౌండులో ఒక్కటి, ఒకే ఒక్కటి, ఆమె పక్కటెముకల మీద సరిగ్గా పడింది. ఈసారి తాకిందా అని అడగలేదు. ఆమే ఆగి, "ఇది మంచిగ పడ్డది" అంది. ఓడిపోయాను. హాస్టల్ గదికి పోయి, ట్రంకుపెట్టెలో బట్టల కింద ఉన్న పతకం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సంచిలో వేసుకుంది. బస్టాండుకు పోతూ వెనక్కి తిరిగి, "వచ్చే ఆదివారం మా ఊరికి రా. నీకు కాళ్లు ఆడిచ్చుడు అస్సలు తెల్వదు" అంది.

ఆ తర్వాత డిగ్రీ అయ్యేదాకా ఒక ఆదివారం నేను నాగర్‌కర్నూలు, మరో ఆదివారం ఆమె వనపర్తి. నాకు తెలిసిన బాక్సింగులో సగం విజిల్ సార్ నోట్‌బుక్ నుంచి వచ్చింది, మిగతా సగం నాగర్‌కర్నూలు అక్క చేతుల నుంచి నా ముఖం మీదుగా వచ్చింది. మరుసటి ఏడాది ఆమె బరువు పెరిగి పై విభాగానికి వెళ్లింది కాబట్టి మాకు పోటీ లేదు. నేను జిల్లా గెలిచాను (ఈసారి అవతల మనిషి ఉండగానే), రాష్ట్రంలో ఒకసారి కాంస్యం, ఒకసారి వెండి తెచ్చాను.

ఇంట్లో మాత్రం ఒక చిక్కు వచ్చింది. చీర అయిపోయాక మగ్గం మీద మిగిలిన పాత దారాల కొసలకు కొత్త దారాలను ఒక్కొక్కటిగా పురిపెట్టి కలపాలి. వేల దారాలు. సెలవుల్లో ఆ పని నాదే. ఒకసారి వేలి కణుపులు వాచి ఉన్నప్పుడు ఆ పనికి కూర్చున్నాను. నేను కలిపిన దారం కలిపినట్టే ఊడిపోతోంది. నాయన చూశాడు. నా చెయ్యి తన చేతిలోకి తీసుకొని కణుపులు ఒక్కొక్కటీ నొక్కి చూశాడు.

"ఈ చేతులు పోతె నీకు పని ఏముంటది బిడ్డా?" అన్నాడు.

"పోవు నాయనా. పట్టీ సరిగ్గ కట్టుకోలేదు, గందుకే వాచినయ్."

"ఏం పట్టీ?"

సంచిలోంచి గుడ్డ పట్టీ తీసి విజిల్ సార్ నేర్పినట్టు కట్టి చూపించాను. నాయన దాన్ని చూసి, నేత సరిగ్గా లేని చీరను చూసినప్పుడు పెట్టే ముఖం పెట్టాడు. మొత్తం విప్పేశాడు. ముక్కాలిపీట దగ్గరికి లాక్కొని, మణికట్టు నుంచి మొదలుపెట్టి, వేళ్ల సందుల్లోంచి, ఎక్కడా ముడత లేకుండా, ఎక్కడా బిగుతు తగ్గకుండా చుట్టాడు. పిడికిలి బిగించి చూస్తే అది నా చెయ్యిలా లేదు. "గిట్ల కట్టాలె" అన్నాడు. ఆడమని చెప్పలేదు, మానెయ్యమనీ చెప్పలేదు. ఆ దారాలు మాత్రం తానే కూర్చొని కలిపాడు.

డిగ్రీ అయిపోయాక రెండేళ్లకు, రాయచూరులో ఎవరో బాక్సింగ్ ప్రదర్శన పెడుతున్నారని, ఆడవాళ్ల పోటీ కూడా ఒకటి ఉంటే జనం వస్తారని విజిల్ సార్‌కు కబురు వచ్చింది. "ఇది మన ఆట లెక్క కాదు. ప్రొఫెషనల్. నెత్తికి టోపీ ఉండదు, గ్లవ్స్ చిన్నగుంటయి, నాలుగు రౌండ్లు" అని వివరించాడు. (ఆడవాళ్ల ప్రొఫెషనల్ పోటీలకు అప్పట్లో మన దేశంలో నియమాలు, లైసెన్సులు ఉన్నాయో లేవో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. వాళ్లు అలా అన్నారు, మేం అలా అనుకున్నాం.) ఒకసారి ఒప్పుకుంటే ఇన్నాళ్లు ఆడిన అమెచ్యూర్ పోటీలకు మళ్లీ రానివ్వరేమోనని భయం. అక్కను అడిగాను. అప్పటికి ఆమె ఒక బడిలో ఆటలు నేర్పుతోంది. "రాష్ట్రంల ఇంకో వెండి తెస్తవ్. ఆడ వెండి అనేది ఉండదు. గెలుస్తవ్, లేకుంటె ఓడతవ్. పోయి చూడు, నేను గూడ వస్త" అంది.

పోటీ ఒక కల్యాణ మంటపంలో, సాయంత్రం. పెళ్లికి వేసిన పూల తోరణాలు ఇంకా తీయలేదు. వధూవరులు కూర్చునే వేదిక మీదే రింగు కట్టారు. ఎదుటి అమ్మాయి హుబ్లీ నుంచి వచ్చింది, మెడ లేకుండా గట్టిగా ఉంది. మైకు పట్టుకున్నాయన కన్నడంలో నన్ను ఏదో అడిగాడు. పేరు అడుగుతున్నాడని తెలుసు, కానీ నా పేరు నాకు గుర్తు రాలేదు. అక్క వెనక నుంచి అందించింది. పట్టీలు తానే కడతానని మాతో వచ్చిన నాయన అంతకుముందే అవి కట్టి, "నేను బయట ఉంట" అని పోయాడు. ప్రతి రౌండు అయ్యాక తలుపు సందులోంచి తొంగి చూసి, నేను స్టూలు మీద కూర్చొని ఉన్నానని నిర్ధారించుకొని మళ్లీ పోయేవాడట. మూడో రౌండులో నా ఎడమ కన్ను మూసుకుపోయింది. నాలుగో రౌండుకు లేస్తుంటే అక్క, "కన్ను ఒకటి చాలు, కాళ్లు రెండున్నయ్ గద" అంది. ఆ కాళ్ల మీదే రౌండంతా తిరిగాను. ఆమె వచ్చినప్పుడల్లా నేను అక్కడ లేను. వెళుతూ వెళుతూ ఒకటి తగిలించాను. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు నాకు ఇచ్చారు. అక్క ఏడ్చింది. విజిల్ సార్ మొదటిసారి విజిల్ ఊదడం మరిచిపోయాడు.

మరునాడు పొద్దున అక్క, సార్ మహబూబ్‌నగర్ బస్సెక్కారు. నేను, నాయన గద్వాల బస్సెక్కాం. రాత్రికి రాత్రే ముఖమంతా ఉబ్బి నల్లబడింది, పై పెదవి చిట్లింది. సరిహద్దు దాటాక ఒక ఊళ్లో ఎక్కిన పెద్దావిడ నా పక్కన కూర్చుంది. నన్ను చూసింది, అవతలి సీట్లో ఉన్న నాయనను చూసింది.

"ఎవరు కొట్టిండ్రు బిడ్డా?"

"ఎవరు కొట్టలేదు పెద్దమ్మా. బాక్సింగ్ ఆడిన, ఆటల తాకింది. గెలిచిన నేను" అన్నాను, చిట్లిన పెదవితో వీలైనంత గర్వంగా.

ఆమె కొంగు కొస నీళ్లతో తడిపి నా కంటి మీద పెట్టింది. "గట్లనే చెప్పాలె బిడ్డా. నేను గూడ ఇరవై ఏండ్లు, గడప తాకిందనే చెప్పిన" అంది.

తర్వాత నాయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. గద్వాల వచ్చేదాకా ఆయనకు మెల్లగా, ఒక్కొక్కటే చెబుతూ పోయింది. ఆడపిల్ల ఒళ్లు ఎలాంటిదో, చెయ్యి లేపేముందు మనిషి ఏం ఆలోచించాలో, దవాఖానలో ఒంటరిగా కూర్చోవడం ఎలా ఉంటుందో. బస్సులో అందరూ నాయననే చూస్తున్నారు. ఆయన ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. మధ్య మధ్యలో "అవునక్కా" అంటూ విన్నాడు. నేను సంచిలోంచి సర్టిఫికెట్ తీసి చూపించబోతే నా చెయ్యి పట్టుకొని ఆపాడు.

బస్టాండులో దిగాక గొడవ పెట్టుకున్నాను. "నువ్వు కొట్టలేదని చెప్పొచ్చు గద నాయనా. నేను గెలిచిన అని చెప్పొచ్చు గద."

"ఆమె చెప్పుకుంటుండె బిడ్డా. నడుమల మనమెందుకు" అన్నాడు.

ఆ తర్వాత ఇంకో మూడు పోటీలు ఆడాను, రెండు గెలిచాను. ఆ ప్రదర్శనలు ఆగిపోయాయి, నేనూ పిల్లలకు ఆటలు నేర్పే పనిలో పడ్డాను. ఆ రోజు మాత్రం ఇంటిదాకా నాయనతో మాట్లాడలేదు. నా మొట్టమొదటి ప్రొఫెషనల్ గెలుపును బస్సులో ఒక్కరూ నమ్మలేదు, ఇరవై రెండేళ్ల నాకు లోకంలో అంతకంటే పెద్ద అన్యాయం కనబడలేదు. ఆ పెద్దావిడ ఏ ఊరికి పోతోందో అడగాలని కూడా తోచలేదు. మూతి ముడుచుకొని, నాయనకు నాలుగడుగుల ముందు, ఒంటికన్నుతో దారి చూసుకుంటూ విసవిసా నడిచిపోయిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, జర ఆగి వెనక్కి చూడు తల్లీ అని చెప్పాలనీ అనిపిస్తుంది.