సిద్దిపేట రిచర్డ్

ఒక రంజాన్‌కు సుఫియాన్ కొత్త కుర్తా కుట్టించుకున్నాడు. కుట్టినవాడు వరసకు అన్న అయ్యే టైలర్ అజహర్. కుర్తా కుడిచెయ్యి సరిగ్గానే ఉంది, ఎడమచెయ్యి వేళ్ళు దాటి కిందికి వేలాడుతోంది. "ఎట్లుంది?" అని అజహర్ అడిగితే, "సూపరుంది భాయ్" అన్నాడు సుఫియాన్. పండుగంతా ఎడమచెయ్యి మడత పెట్టుకునే అందరినీ కౌగిలించుకుని అలాయిబలాయి ఇచ్చాడు. మరుసటి ఏడు కూడా అక్కడే కుట్టించుకుంటే రెండు చేతులూ పొడుగే వచ్చాయి. పాపం, అజహర్ తప్పేముంది? పోయినేటి మడత చూసి ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకున్నాడు.

సుఫియాన్ పిరికివాడని అనుకోకండి. తెలంగాణ కావాలని రోడ్డు మీద బైఠాయించి లాఠీదెబ్బ తిన్నవాడే. మొహమాటం ఒక్కటే అతని జబ్బు. ఆ జబ్బుకు మా సిద్దిపేటలో ఏ దవాఖానలోనూ మందు లేదు, ఎందుకంటే డాక్టర్లకూ అదే జబ్బు. ఆ రోజుల్లో మేం ఢిల్లీని ముఖం మీదే నిలదీసేవాళ్ళం. పక్కింటి మోరీ నీళ్ళు మా గడప ఎక్కితే మాత్రం "ఏం గాదు తియ్యి" అని నవ్వేవాళ్ళం.

పాత బస్టాండ్ దగ్గర అతనికి సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉండేది. డబ్బా అంత దుకాణం, అందులో ఒక పాత కంప్యూటర్. దుబాయి నుంచి, జెద్దా నుంచి వచ్చే మేనమామలు పిల్లల కోసం చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మిషన్లు తెచ్చేవాళ్ళు. అవి చెడితే సుఫియానే దిక్కు. అప్పుడు కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికెరుక. ఛార్జింగు లేక ఆట మధ్యలో మిషన్ ఆగిపోతే ఆడిందంతా గంగలో కలిసేది. అక్క కూతురు అర్షీన్ అలా ఒకరోజు ఏడ్చి అన్నం మానేస్తే, సుఫియాన్ దీనికేదో చెయ్యాలని పట్టుబట్టాడు. ఇంటర్నెట్‌లో చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. బ్యాటరీ అయిపోయేముందు ఆటను దానంతటదే మెమరీ కార్డులో దాచిపెట్టే ప్లగిన్ తయారుచెయ్యాలని అతని కోరిక. ప్లగిన్ అంటే మరేం కాదు. మిషన్ చేసిన కంపెనీ చెయ్యని పనిని, ఆ కంపెనీకి చెప్పకుండా, ఆ మిషన్ చేతనే చేయించే చిన్న ప్రోగ్రాం.

సంతోష్ ధూళిమిట్ట అనే ఊరి రైతు బిడ్డ. సిద్దిపేటలో కిరాయి గదిలో ఉండి ఇంజనీరింగ్ చదివేవాడు. ఫోను అద్దం మార్పించుకోవడానికి వచ్చి, కంప్యూటర్ మీద సగం రాసిన ప్రోగ్రాం చూసి, అద్దం సంగతి మరచిపోయి అక్కడే స్టూల్ మీద కూలబడ్డాడు. ఆ రోజు నుంచి పని ఇద్దరిదీ అయింది. బ్యాటరీ ఎంత ఉందో కనిపెట్టే సగం సుఫియాన్‌ది, ఆటను కార్డు మీద రాసే సగం సంతోష్‌ది. ఊళ్ళో మిగతా జనానికి సుఫియాన్ చేసేది పిల్లల ఆట. అతను చేస్తున్న పని ఏమిటో అర్థమయ్యే మనిషి సంతోష్ ఒక్కడే. అలాంటి మనిషి దొరకడం ఎంత అదృష్టమో సుఫియాన్‌కు తెలుసు, పోతే మళ్ళీ దొరకడని అంతకంటే బాగా తెలుసు.

చిక్కు అక్కడే వచ్చింది. సంతోష్ రాసిన సగంలో తప్పుంది. ఆటను బ్యాటరీ అయిపోయేటప్పుడు ఒక్కసారి రాస్తే చాలు, అది మాటిమాటికీ రాస్తోంది. అలాగైతే కార్డు అరిగిపోయి నాలుగు నెలలు కూడా బతకదు. "ఎట్లుంది భాయ్?" అని సంతోష్ అడిగాడు. సుఫియాన్ నోట్లో ఏముందో మీకు తెలుసు. "సూపరుంది తమ్మీ" అన్నాడు. తనే సరిచేద్దామా అంటే, అవతలివాడి సగంలో చెయ్యి పెట్టడం ముఖం మీద చెప్పడం కంటే పెద్ద మాట.

ఇలాంటి ప్లగిన్లు రాసేవాళ్ళంతా కలుసుకుని, ఒకరివి ఒకరు పరీక్షించుకునే వెబ్‌సైటు ఒకటి ఉండేది. వీళ్ళు కూడా తమ ప్లగిన్‌ను పరీక్షకని అందులో పెట్టారు. రెండు రోజులకు లండన్ నుంచి రిచర్డ్ అనే పెద్దమనిషి దిగాడు. ఆ రిచర్డ్ ఎవరో కాదు, దొంగపేరు పెట్టుకున్న మన సుఫియానే.

సుఫియాన్‌కు వచ్చిన ఇంగ్లిష్ అంతా సెల్‌ఫోన్ల డబ్బాల్లో వచ్చే కాగితాల మీది ఇంగ్లిష్. కాబట్టి రిచర్డ్ కూడా ఆ భాషే రాశాడు. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "హెచ్చరిక. ఈ ప్రోగ్రాము కార్డుపై పలుమార్లు వ్రాయుచున్నది. ఇట్లు కొనసాగించినచో కార్డు చెడిపోవును. దయచేసి సరిచేయవలెను."

సంతోష్ భగ్గుమంటూ దుకాణానికి వచ్చాడు. "చూసినవా భాయ్, ఎంత పొగరు వీనికి! మనం రాసింది తప్పంట!"

"ఎవడాడు?" అన్నాడు సుఫియాన్.

"లండనోడంట. జవాబు రాద్దాం, నువ్వు జెప్పు."

"నీ పని నువ్ చూస్కో అని రాయి."

"గట్లయితె ఏం తాకుతది భాయ్? గట్టిగ జెప్పు."

సుఫియాన్ ఇరుకున పడ్డాడు. మెత్తగా చెబితే అనుమానం వస్తుంది. "రెండొందల ఏండ్లు మా నెత్తిమీద కూసున్నది సాలదా, ఇగ మా కార్డుల మీద గూడ పడ్డవా అని రాయి" అన్నాడు. సంతోష్ ఎగిరి గంతేసి అదే రాశాడు, పైన తనవి రెండు తిట్లు కలిపాడు.

సంతోష్ వెళ్ళాక సుఫియాన్ ఆ జవాబును రిచర్డ్‌గా చదువుకున్నాడు. నిజంగానే మనసు నొచ్చుకుంది. ఇంటికి పోయి అన్నం కెలుకుతూ కూర్చుంటే తల్లి రబియాబీ అడిగింది, "ఏమైంది బేటా?"

"సంతోష్ తిట్టిండమ్మీ."

"గంత మంచి పిల్లగాడు ఎందుకు తిట్టిండు?"

"నేనే జెప్పి తిట్టిపిచ్చుకున్న."

రబియాబీ కొడుకు నుదురు తాకి చూసి, వీనికి తొందరగా షాదీ చెయ్యాలని నిర్ణయించుకుంది.

అయితే తిట్టినా, రిచర్డ్ మాట సంతోష్ చెవికెక్కింది. వారం తిరక్కుండానే తన సగాన్ని మార్చుకొచ్చాడు. సుఫియాన్ సంబరంగా విప్పి చూశాడు. చూస్తే ఈసారి తప్పు ఇంకా పెద్దది. కొత్త ప్రోగ్రాం ముందు కార్డులోని పాత ఆటను చెరిపేసి, ఆ తర్వాత కొత్తది రాయడం మొదలుపెడుతోంది. మధ్యలో బ్యాటరీ చచ్చిందా, పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు, రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. ఆటను కాపాడాల్సిన ప్లగినే ఆటను మింగేస్తుంది. "ఇంకొక లోపము కలదు. వివరములు రేపు" అని రిచర్డ్ గబగబా రాసిపెట్టాడు.

రేపు సకల జనుల సమ్మె మొదలైంది. బొగ్గు బాయిల నుంచి బడుల దాకా అన్నీ బంద్. దుకాణాలు మూశారు. బొగ్గు లేక కరెంటు కూడా సమ్మెలోకి దిగింది. మధ్యలో ఒక పూట కరెంటు వస్తే రిచర్డ్ కనిపించి, బంద్ వల్ల ఆలస్యమైనందుకు క్షమించాలనీ వివరాలు త్వరలోననీ రాశాడు. ఆ వివరాలు మొదలుపెట్టేలోపే కరెంటు మళ్ళీ పోయింది. దసరా దగ్గరపడింది. దసరా నాడు ప్లగిన్‌ను లోకానికి విడుదల చేస్తామని ఇద్దరూ ఎప్పుడో వెబ్‌సైట్లో చాటింపు వేసి ఉన్నారు. పండుగకు కరెంటు ఇస్తారు, ఇచ్చిన గంటలోనే సంతోష్ విడుదల చేసేస్తాడు. ఇక రిచర్డ్‌కు నోరు లేదు. ఉన్నది సుఫియాన్ నోరే.

దసరాకు ముందు రోజు సంతోష్ రిలే నిరాహార దీక్షలో కూర్చున్నాడు. బస్టాండ్ దగ్గర టెంటు, మెడలో బంతిపూల దండ. మైకులో ఎవరో గర్జిస్తున్నారు: "అన్యాయాన్ని మొఖం మీదనే అడగాలె! భయపడద్దు, మొహమాటపడద్దు!" సుఫియాన్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆ ఊపులోనే పోయి సంతోష్ పక్కన చాప మీద కూర్చున్నాడు.

"తమ్మీ, ఒక మాట. లండన్ రిచర్డ్‌ను నేనే."

సంతోష్ ముఖంలో కోపం వస్తుందని అతను ఎదురుచూశాడు. సంతోష్ నవ్వాడు.

"నాకెర్కే భాయ్. బంద్ ఉండె, అందుకే లేటయిందని రాస్తివి గద. లండన్ల ఎవడు జేస్తడు బంద్?"

సుఫియాన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మరెందుకు అడగలే?"

సంతోష్ నవ్వు ఆపేశాడు. మెడలోని దండను వేళ్ళతో సవరించుకుంటూ మెల్లగా చెప్పాడు. "నేనేం జేసినా మా ఇంట్ల మంచిగుందంటరు. కాలేజిల సార్లు గట్లనే అంటరు. నువ్వు గూడ గంతే. ఒక్క రిచర్డే నాకు తప్పుందని చెప్పిండు. దొరకవట్టినట్టు తెలిస్తే గది గూడ బంద్ జేస్తవని ఊకున్న. ఇప్పుడు నువ్వే ఒప్పుకుంటివి, ఇంక మంచిది. చెప్పు భాయ్, గా రెండో తప్పేంది? రేపు పెట్టెయ్యాలె."

ఇంతకంటే మంచి సందు ఎవరికి దొరుకుతుంది? అడిగినవాడు మనస్ఫూర్తిగా అడుగుతున్నాడు, తిట్టడు, పోడు, పైగా చెబితేనే దగ్గరవుతాడు. సుఫియాన్ నోరు తెరిచాడు. పొద్దుటి నుంచి ఉత్త మంచినీళ్ళతో ఉన్న సంతోష్ పెదవులు ఎండిపోయి ఉన్నాయి, కళ్ళు అతని ముఖం మీదే ఉన్నాయి. పండుగ ముందు రోజు, ఉపవాసంలో ఉన్న పిల్లగాడికి నువ్వు రాసింది ఆటనే మింగుతుందని ఎలా చెప్పడం?

"ఏం లేదు తమ్మీ" అన్నాడు. "నేనే సరిగ్గ చూడక రాసిన. సూపరుంది."

సంతోష్ "సరే భాయ్" అన్నాడు. సాయంత్రం పెద్దలు వచ్చి నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేశారు.

దసరా నాడు ప్లగిన్ విడుదలైంది. ఇద్దరి పేర్లూ వెలిగాయి. మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. సుఫియాన్ మాత్రం పండుగ పూట జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకున్న ప్రతి మనిషితో నవ్వుతూనే, సందు దొరికినప్పుడల్లా దుకాణానికి పోయి వెబ్‌సైటు చూసి వచ్చాడు. రిచర్డ్‌గా మళ్ళీ రాద్దామంటే, పట్టుబడ్డ రిచర్డ్‌ను ఎవరు నమ్ముతారు? చెప్పమని ముఖం చూసి అడిగినప్పుడు చెప్పనివాడు ఇప్పుడు ఏ ముఖంతో చెబుతాడు?

సమ్మె ఆగి బస్సులు తిరగడం మొదలైన వారంలోనే ఏ దేశంవాడో ఒకడు వెబ్‌సైటులో మండిపడ్డాడు. నెలల తరబడి ఆడుకున్న ఆట మొత్తం పోయిందట. వాడు తిట్టి ఊరుకోలేదు. పాతది చెరిపేసి కొత్తది రాస్తున్నారు, మధ్యలో బ్యాటరీ పోతే ఏమీ మిగలదు, ముందు రాసి తర్వాత చెరపండిరా గాడిదల్లారా అని విడమరచి చెప్పాడు. సుఫియాన్ చెప్పాల్సిన మాట అక్షరం పొల్లుపోకుండా అందులో ఉంది. చదువుతూ సుఫియాన్ తలపట్టుకున్నాడు.

అప్పుడే సంతోష్ పరుగున వచ్చాడు. ముఖంలో కోపం లేదు. కళ్ళు మెరుస్తున్నాయి.

"భాయ్, గీ కొత్తోడు నువ్వే గదా?"

సుఫియాన్ తెరమీది తిట్లు చూశాడు, సంతోష్ ముఖం చూశాడు. కాదంటే ఆ మెరుపు ఆరిపోతుంది. ఆ కుర్రవాడికి జీవితంలో నిజం చెప్పిన ఒకే ఒక్క మనిషి పోతాడు.

"ఔ తమ్మీ" అన్నాడు. "నేనే."

"నాకెర్కే!" సంతోష్ స్టూల్ లాక్కుని పక్కనే కూర్చుని, అప్పటికప్పుడే తప్పు దిద్దడం మొదలుపెట్టాడు. దిద్దుతూ దిద్దుతూ, "ఎవడేమన్న అనుకోని భాయ్, గీ ఊర్ల నాకు అబద్ధం జెప్పనోడివి నువ్వొక్కడివే" అన్నాడు.

సుఫియాన్ తల ఊపి, రెండు చాయ్‌లు చెప్పడానికి లేచాడు.