తనను తాను కట్టుకున్న బావ

నాకు ఇంగ్లీషు తెలుసునని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అన్నకు ట్యూషను చెప్పడానికి అయ్యవారు ఇంటికి వచ్చేవారు. నేను తలుపు వెనక బియ్యం ఏరుతూ నేర్చుకున్నాను.

మా మేనమామ కొడుకు మద్రాసులో బి.ఏ. ముగించి, ఆ ఎండాకాలం తిరుపతిలో మా ఇంటికి వచ్చాడు. నగరి నుంచి వచ్చిన ఇంకో సంబంధం వాళ్లు జవాబుకోసం కాచుకుని ఉన్నారని, నన్ను చేసుకుంటాడో లేదో తేల్చమని నాయన అడిగాడు. బావ లేచి నిలబడి ఇంగ్లీషు అందుకున్నాడు. ఐ ప్లెడ్జ్ మైసెల్ఫ్ అన్నాడు, ఐ బైండ్ మైసెల్ఫ్ అన్నాడు, ఐ కమిట్ మైసెల్ఫ్ అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నాయన కరిగిపోయి, నగరి వాళ్లను వద్దనేస్తానన్నాడు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. మైసెల్ఫ్ అంటే తనను తాను. మన వైపు మాట ఇవ్వాలంటే, పుచ్చుకునే చెయ్యి ఒకటి ఎదురుగా ఉండాలి. ఈయనగారికి ఎదుటి మనిషితో పనే లేదు. తనను తానే తాకట్టు పెట్టుకుంటాడు, తనను తానే కట్టేసుకుంటాడు. ముడి వేసుకున్నవాడికి విప్పుకోవడం ఎంతసేపు?

"అదేందో నా చేతిలో చెయ్యేసి తెలుగులో సెప్పు అబ్బోడా," అంది అవ్వ, నాకు అమ్మమ్మ, బావకు నాయనమ్మ. బావ చేతులు వెనక్కి పెట్టుకుని, చిత్తూరు బస్సుకు వేళయిందన్నాడు.

వాకిట్లో చెప్పులు తొడుక్కుంటుంటే, సిగ్గు చంపుకుని అన్నాను: "అవ్వ అడిగింది చెప్పి పో బావా."

ఆయన పకపకా నవ్వాడు. మళ్లీ మా గడప తొక్కలేదు గనుక నాతో ఆడిన ఆఖరి మాట ఇదే:

"తెలుగులో చెప్తే చెయ్యాల్సి వస్తాది గదే, పిచ్చిదానా!"