వృత్తి అనే గడి

2010 జూన్‌లో నన్ను ఉప్పల్ బ్రాంచికి సీనియర్ ఆప్టోమెట్రిస్టుగా మార్చారు. మాది ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రి. ఆప్టోమెట్రిస్టు డాక్టరు కాదు. చూపు కొలిచి, పవరు తేల్చి, కాగితం మీద పెట్టే మనిషి. అక్కడ నాకు అప్పగించింది లేజర్ విభాగం. అద్దాలు వదిలించుకోవాలని వచ్చినవాళ్లు ముందు నా గదికే రావాలి. కంటి ముందుండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దాని మందం మైక్రాన్లలో కొలవాలి, వంపులకు మ్యాపు తీయాలి, పవరు ఏడాదిగా నిలకడగా ఉందో లేదో చూడాలి. అన్నీ కుదిరితే వర్కప్ షీటు కింద 'ఫిట్' అని రాసి సంతకం పెట్టాలి. సర్జన్ చూసేది ఆ తర్వాతే. నేను ఫిట్ అన్న షీటును ఆయన వెనక్కి పంపింది లేదు. అప్పట్లో దానికి తెగ మురిసిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అక్టోబర్‌లో మహేశ్ వచ్చాడు. ఇరవై నాలుగేళ్లవాడు, జనగామ వైపు మనిషి. డిప్లొమా చదివి, నాచారంలో ఒక ప్యాకింగ్ కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. రెండు కళ్లకూ మైనస్ రెండుంపావు. కార్నియా మందం బాగుంది, మ్యాపులో వంక పెట్టడానికేమీ లేదు. నేను ఫిట్ అని రాయబోతుంటే, వచ్చే నెలలో మెడికల్ ఉంటే అప్పటికి కన్ను మానుతుందా అని అడిగాడు. ఏం మెడికల్ అన్నాను. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, అంటే రైలింజను ఎక్కే ఉద్యోగం.

పెన్ను కింద పెట్టాను. ఆ ఉద్యోగానికి అద్దాలు లేకుండానే పూర్తి చూపుండాలి. లేజర్ చేయించుకున్న కంటిని అసలు ఒప్పుకోరు. మా రంగంలో ఇది తెలియనివాళ్లు తక్కువ. అదే మాట మహేశ్‌తో చెప్పాను. చేయించుకోకపోతే అద్దాల వల్ల పోతుంది, చేయించుకుంటే ఆపరేషన్ వల్ల పోతుంది. ఎటు చూసినా ఆ ఉద్యోగం రాదు.

అతను నమ్మలేదు. చేయించుకున్నట్టు ఎవరికీ తెలియదని కౌన్సెలర్ చెప్పిందన్నాడు. కౌన్సెలరంటే వచ్చినవాళ్లకు భయం పోగొట్టి, ఆపరేషన్ తేదీ ఖాయం చేసే ఉద్యోగి. మా కౌన్సెలర్ శ్రావణి తను కూడా లేజర్ చేయించుకున్న మనిషే. "నా కళ్లలోకి చూడండి, ఏమైనా కనబడుతోందా?" అని అందరినీ అడిగేది. ఆ ఒక్క మాటతో ఎంతమంది సరేనన్నారో నాకు తెలుసు.

నాకు కోపం ఆగలేదు. శ్రావణిని గదిలోకి పిలిచి స్లిట్‌ల్యాంప్ ముందు గడ్డం ఆనించమన్నాను. సన్నటి వెలుగు కంటి మీద వేసి, లోపలిదంతా పెద్దది చేసి చూపించే మైక్రోస్కోపు అది. పేషెంటు ముందు కాదనలేక కూర్చుంది. లేజర్ చేసేటప్పుడు కార్నియా పైపొరను గుండ్రంగా కోసి, మూతలా తెరిచి, పని అయ్యాక మళ్లీ మూస్తారు. ఏళ్లు గడిచినా ఆ కోత అంచు తెలిసినవాళ్లకు దొరికిపోతుంది. వెలుగును పక్కకు వాల్చి ఆ అంచు మీద నిలిపాను. లేచి నా స్టూలు మహేశ్‌కిచ్చి చూడమన్నాను. పేషెంటును ఆ స్టూలు మీద కూర్చోబెట్టడం మా పద్ధతి కాదు. ఆ రోజు పద్ధతి నాకు పట్టలేదు.

మహేశ్ చాలాసేపు చూశాడు.

"తెల్లగ గీత లెక్క కనబడుతుంది మేడమ్. ఇది ఎన్నటికి పోదా?"

"పోదు. మెడికల్ చేసే డాక్టరు బల్ల మీద కూడా ఈ మెషినే ఉంటుంది."

శ్రావణి మెషిన్ మీంచి గడ్డం తీసింది. చూపు బాగుంది కాబట్టి ఏమీ కనబడదనే తను నిజంగా అనుకున్నానని గొణిగింది. అబద్ధమనిపించలేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవరినీ అడగలేదు. మేమందరం చేసిందీ అదే.

నా పని అయిపోయిందనుకుని షీటు మడుస్తున్నాను. మహేశ్ స్టూలు మీద నుంచి లేవలేదు.

"మా రూమ్‌ల శ్రీకాంత్ గూడ గిక్కడనే చేయించుకున్నడు మేడమ్, రెండు నెలలాయె. ఆనిది గూడ గిదే నౌకరి. మరి ఆని కాయితం మీద ఫిట్ అని ఎవరు రాసిన్రు?"

రికార్డు గదికి వెళ్లి ఫైలు తీశాను. షీటు పైన పేరు, వయసు, ఆ పక్కన వృత్తి అనే గడి. అందులో 'లోకో పైలట్ పరీక్షకు చదువుతున్నాడు' అని ఉంది. దస్తూరి నాది. కింద ఫిట్ అని రాసిందీ నేనే. వయసు అడిగినట్టే వృత్తీ అడిగాను, చెప్పింది రాసుకున్నాను, మెషిన్ వైపు తిరిగాను. ఆ రెండు రాతల మధ్య జానెడు దూరం కూడా లేదు. శ్రావణి మీద చూపించిన కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తిరిగొచ్చి, రాసింది నేనేనని మహేశ్‌తో చెప్పాను. అతను తన అద్దాలు పెట్టుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం బ్రాంచి మేనేజర్ పిలిచాడు. నా పని కొలవడమనీ, సలహాలివ్వడం కాదనీ నలుగురి ముందూ అన్నాడు. ఇప్పటిదాకా కొలతలు తప్ప ఏమీ పట్టించుకోలేదనీ, శ్రీకాంత్ షీటు మీద ఫిట్ అని రాసింది అందుకేననీ అన్నాను. నెల తిరగకుండా నన్ను అద్దాల కౌంటరుకు మార్చారు.

శ్రీకాంత్ రాతపరీక్ష పాసయ్యాడు. మెడికల్‌లో కంటి మీద ఆ కోత గీత కనబడి ఆపేశారు. రైల్వేలోనే అద్దాలున్నవాళ్లను కూడా తీసుకునే టెక్నీషియన్ పోస్టులున్నా, కళ్లు బాగయ్యాయన్న ధైర్యంతో అతను వాటికి దరఖాస్తు పెట్టలేదు. మహేశ్ పెట్టాడు. ఆ తర్వాతి ఏడాది మెడికల్‌కు ముందు కొత్త అద్దాల కోసం నా కౌంటరుకే వచ్చి, శ్రీకాంత్ సంగతి చెప్పింది అతనే. శ్రీకాంత్‌దీ నాచారంలో మహేశ్ పనిచేసే కంపెనీయేనట, ఇంకా అక్కడే డబ్బాలు ప్యాక్ చేస్తున్నాడట.

కన్ను ఫిట్ అని రాసేముందు దేనికి ఫిట్ అని అడగాలి. నాకు తెలిసిందల్లా అంతే. మూడేళ్లకు మళ్లీ లేజర్ విభాగంలో వేశాక, వృత్తి గడి నింపి, పేషెంటుకు పైకి చదివి వినిపించాకే మెషిన్ ఆన్ చేసేదాన్ని. రిటైరయ్యేదాకా అలాగే చేశాను. శ్రీకాంత్ షీటు మీద మాత్రం నా సంతకం అలాగే ఉంది.