ఊదిన ఆవు పాలు

ఎన్నో ఏళ్లుగా ఒక కుళ్లును కడుపులో మోస్తున్నాను. చదువరీ, నా పేరు నీకు అక్కరలేదు. టెక్కలిలో పురాణం చెప్పి బ్రతికినవాడనని తెలిస్తే చాలును.

మా ఆవుకు దూడ చచ్చింది. దూడ లేక అది పాలు చేపడం మానింది. కలకత్తాలో పాలవారి దగ్గర పనిచేసి వచ్చిన ఒకడు ఉపాయం చెప్పాడు. ఆవు జననాంగంలో వెదురుగొట్టం దూర్చి నోటితో గాలి ఊదితే, ఆ బాధకు చేపుతుందట. వద్దన్నానా? లేదు. మీగడపెరుగు లేనిదే నాకు ముద్ద దిగదు. తోక నేనే పట్టుకున్నాను. ఆవు వీపు వంచి వణికింది. కన్నుల నీరూ పొదుగున పాలూ ఒక్కమారే కారాయి. వాడు మూతి తుడుచుకొని నవ్వాడు. ప్రతిపూటా అదే పని చేయించి, ఆ పెరుగే తిని, సాయంత్రం గోమాహాత్మ్యం చెప్పి సభచేత కన్నీరు పెట్టించాను. తలచుకుంటే నేటికీ వాంతి వస్తుంది. ఆ పెరుగును తలచుకొనా, నన్ను తలచుకొనా?

కొన్ని నెలలకు ఆవు వెనుక దుర్వాసన మొదలైంది. గర్భం చెడిందనీ ఇక ఈనదనీ ఊదినవాడే చెప్పాడు. కడిగించి, పసుపు పూయించి, కవిటి రైతు ఒకనికి అమ్మాను. పురాణం పంతులుగారి ఆవని అతడు కళ్లకద్దుకొని తోలుకుపోయాడు.

అక్కడ అది చుక్క చేపలేదు. చూలూ కట్టలేదు. కొంతకాలానికి కొబ్బరికాయల గెల మోసుకొని అతడు నా అరుగుమీదికి వచ్చాడు.

“పంతులుగోరూ, మీ ఇంట కుండ నిండా ఇచ్చిన ఆవు మా ఇంటికొచ్చి ఎండిపోనాది. పితికేది కొత్తకోడలు. అది సెయ్యెడితే నుయ్యైనా ఎండిపోద్దని మా ఆడోల్లు ఎకసెక్కాలాడతన్నారు. ఆ పిల్ల సేతిలో ఏటైనా ఉందంటారా? మీరు కాదంటే ఆల్ల నోరు నాను మూయిత్తాను.”

కాదనడానికి ఒక్క మాట చాలును. కానీ మరి ఆవుకేమైందని అడిగితే? వ్రేళ్లు మడిచి ఏదో లెక్కించినట్టు నటించాను.

“హస్తదోషం కనిపిస్తోంది. పుట్టింటికి పంపు.”

అతడు దండం పెట్టి వెళ్లాడు. మరునాడే పంపేశాడు, తిరిగి పిలువలేదు. తరువాత ఒకసారి ఆ కోడలి పుట్టినూరు హరిశ్చంద్రపురంలో ఆమెను చూశాను. పాలచెంబుతో ఎవరో ఎదురైతే, చేతులు కొంగులో దాచుకొని పక్కకు తప్పుకుంది. ఆ దోషం ఎన్నటికి పోతుందని తల్లిచేత నన్ను అడిగించింది. దైవాన్ని వేడుకోమన్నాను.

ఆమె చేతులలో ఏ దోషమూ లేదు. ఈ మాట కవిటిలో, నలుగురి ముందు చెప్పవలసింది. ఇక్కడ, పేరు దాచుకొని చెబుతున్నాను. అయినా ఊపిరి కొంత తేలికగా ఆడుతోంది. ఆ తేలిక కూడా అసహ్యంగానే ఉంది.