చుక్క లేని వారం

ఇంటర్ చదివే మా బిడ్డకు రెండు నెలలుగా కడుపునొప్పి. స్కానింగ్‌లో ఏమీ దొరకలేదు. చదువు తప్పించుకునే వేషాలన్నాను. డాక్టరు మాత్రం నొప్పి వచ్చిన రోజున క్యాలెండర్‌లో చుక్క పెట్టమన్నారు. నా బొగ్గుబావి షిఫ్టులు రాసుకునేదీ ఆ క్యాలెండర్‌లోనే. ఇవాళ అది పట్టుకుని మందమర్రి నుంచి కరీంనగర్ వెళ్లాం.

"ఈ వారమంతా చుక్కే లేదేంటమ్మా?" అన్నారు డాక్టరు, క్యాలెండర్‌లో ఓ వారం మీద వేలు పెట్టి.

బిడ్డ తల వంచుకుంది. "గా వారం బాపుది సెకండ్ షిఫ్ట్ సార్. సాయంత్రం మార్కులు అడిగెటోళ్లు లేకుండిరి."

డాక్టరు క్యాలెండర్ మడిచి నా చేతికిచ్చారు. తిట్టినా బాగుండేది.

సోమవారం నుంచి నాది మళ్ళీ ఫస్ట్ షిఫ్ట్. సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను. మార్కులు కాక బిడ్డను ఇంకేం అడగాలో నాకు తెలియదు. మీరేం అడుగుతారు? జర చెప్పండి.